రానివాడికి గడి లేదు

ఆచంట దాటాక కాలవ గట్టు పక్కన
పెచ్చెట్టి వీర్రాఘవులు చేను.
దాళ్వా వరి, పిలకలేసే రోజులు.
కర్రలు పాతి, కర్రకో గరాటు,
గరాటు కింద పొడుగాటి సంచి కట్టాను.
మూతలో చిటికెనవేలి గోరంత రబ్బరు బిళ్ల.
అందులో ఉంది ఆడపురుగు పిలుపు,
ఆడపురుగు మాత్రం లేదు.

"ఎలాగుంటదండీ వాసన?" అన్నాడు వీర్రాఘవులు.
నన్నడిగాడు!
పుట్టిందగ్గర్నుంచీ మల్లెకీ మురుక్కీ తేడా తెలీని నన్ను.
బిళ్ల అతని ముక్కు దగ్గరే పెట్టాను.
"ఆయ్, రబ్బరు వాసనేనండి."
సరే, ఈ ఒక్క సంగతిలో
మండలమంతా నాకు చుట్టాలే.

మాది వంశపారంపర్యం.
మా నాన్నకీ తెలిసేది కాదు.
అందుకే నరసాపురంలో ఎండుచేపల గోదాములో
ముప్పయ్యేళ్లు గుమస్తాగా నిలబడ్డాడు.
ముందు చేరిన నలుగురూ నెల తిరక్కుండా పారిపోయారట.
బస్సులో ఆయన పక్క సీటు ఎప్పుడూ ఖాళీ.
"జనం మర్యాదస్తులురా, చోటిస్తారు" అనేవాడు.
తెలిసే అన్నాడో తెలీక అన్నాడో
ఇప్పటికీ తేల్చుకోలేను.

ప్రమీలారాణి మేడం సూక్ష్మదర్శినిలో
మగపురుగు మీసం చూపించింది.
నూలుపోగంత మీసం, దాని నిండా నూగు,
నూగులో వెంట్రుక వెంట్రుకకీ కంతలు,
కంతల వెనక ఎక్కడో తాళాలు.
"పిలుపు కలిపే జన్యువు ఆడదానిలో పనిచేస్తుంది,
పట్టే జన్యువు మగదానిలో.
రెండూ చెరో చోట ఉంటాయి,
విడివిడిగా పిల్లలకి దిగుతాయి.
ఒకటి మారితే రెండోదానికి కబురెళ్లదు."
మరి ఇన్ని వేల తరాలు
ఎలా కలుసుకున్నాయి మేడం?
గాజుపలక తుడుస్తూ అంది:
"కలుసుకోని వాటికి పిల్లల్లేరు కదా."

మా నాన్నకి నేనున్నాను,
అనబోయి ఊరుకున్నాను.

ఆ రాత్రి కరెంటు పోయింది.
బిళ్లలు మార్చిన చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కునే
వరండాలో మడతమంచం వేసుకున్నాను.
లాకుల దగ్గర నీళ్ల హోరు తప్ప ఏమీ లేదు.
మణికట్టు మీద ఏదో వాలింది.
దోమనుకుని చెయ్యెత్తి, ఆగాను.
ఇంకోటి. ఇంకోటి.
రెక్కలు టపటపలాడిస్తూ
నా వేళ్ల చుట్టూ గిరగిరా,
పెళ్లివారిల్లు దొరకని చుట్టాల్లా.

మా ఆవిడ సెల్‌ఫోను లైటేసింది.
సన్నటి గోధుమరంగు మగపురుగులు, ఏడో ఎనిమిదో.
"ఎవరి మీదండీ వీటికింత మోజు?"
లైటు తియ్యి, అన్నాను.
తీసినా పోలేదు.
నా మీదే.

నాకు తెలీని వాసన నాలోంచి బయల్దేరి
కాలవ దాటి, గట్టు దాటి
ఎంతదూరం పోయిందో, ఎవరెవర్ని నిద్ర లేపిందో.
బస్సులో నాన్న పక్క సీటు గుర్తొచ్చింది.
ఆయనకి ఖాళీ అయిన చోటే
నాకు కిటకిటలాడుతోంది.

మళ్లీ లైటేస్తే
గోడ మీద ఒకటి మాత్రం కదల్లేదు.
మగదే. చెయ్యి దగ్గరగా జరిపాను.
జానెడు. బెత్తెడు.
మీసం కూడా ఎత్తలేదు.
అలసటో, ముసలితనమో,
లేక తాళంలో ఎక్కడో ఒక్క అక్షరం తప్పి పుట్టాడో.
వీడు నా బుట్టలో ఎన్నటికీ పడడు.
ఇంకెవరో, వేరే పాళ్లు కలుపుకుని
ఏ పిలక చివరో కూచుని పిలుస్తుంటే తప్ప
పెళ్లీ కాదు.
అయిందా, తెల్లకంకులకి నన్నడుగుతారు.

పొద్దున్నే రిజిస్టరు తెరిచాను.
మొదటి బుట్ట, తొమ్మిది.
రెండోది, పద్నాలుగు.
మూడోది, ఆరు, ఒకటి కాలు విరిగింది.
వచ్చినవాటికి గళ్లున్నాయి.
రానివాడికి గడి లేదు.

అంచున, గీత బయట,
పెన్నుతో చిన్న చుక్క పెట్టాను.
మేడం అడిగితే
సిరా కారిందంటాను.